పంటికీ కాస్త తీరిక కావాలి

మొన్న తిరునాళ్ళ నుంచి వస్తూ మా అమ్మాయి పిల్లలిద్దరూ జీళ్ళ పొట్లం తెచ్చుకున్నారు. మనవడికి 8 ఏళ్ళు, మనవరాలికి 6. అరుగు మీద నా పక్కన చేరి ఒక ముక్క నోట్లో వేసుకోవడం, వేళ్ళతో సాగదీయడం, మళ్ళీ చప్పరించడం. నాలుగింటికి మొదలుపెట్టినవాళ్ళు దీపాలు పెట్టే వేళకి కూడా పొట్లం వదల్లేదు. ఎంతకీ తెమలని వ్యవహారాన్ని మనం జీళ్ళపాకం అంటామే, ఆ మాట ఊరికే పుట్టలేదు.

చీకటి పడ్డాక మనవడు కుడి దవడ పట్టుకుని, "తాతయ్యా, పన్ను జివ్వుమంటోంది" అన్నాడు. టార్చి వేసి చూశాను. కింది వరసలో చివరి పన్ను మీద, గాడిలో, ఆవగింజంత నల్లమచ్చ.

"పాలపన్నే కదా నాన్నా, ఎలాగూ ఊడిపోయేదే" అంది మా అమ్మాయి.

వాణ్ణి నోరు తెరవమని, ముందుపళ్ళ మధ్య నుంచి వెనక్కి ఒక్కో పన్నూ తాకుతూ లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. మచ్చ ఉన్నది ఆరోదాని మీద.

ఈ లెక్క ప్రతి అమ్మా, ప్రతి నాన్నా నేర్చుకోవాలి. పాలపళ్ళు మొత్తం 20. పైన పది, కింద పది. అంటే మధ్య నుంచి ఒక్కో పక్కకి ఐదే. ఆరోది కనబడిందంటే అది పాలపన్ను కాదు. ఆరేళ్ళు అటూ ఇటూగా, ఏ పన్నూ ఊడకుండానే, అన్నిటికంటే వెనకాల చడీచప్పుడు లేకుండా మొలిచే దవడ పన్ను అది. ఊడితే మళ్ళీ రాదు. దాని నెత్తి మీద లోతైన గాళ్ళు ఉంటాయి. కొత్తగా వచ్చింది కాబట్టి పైపొర ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. సరిగ్గా ఆ వయసులోనే పిల్లల చేతికి చిల్లర డబ్బులూ, నోటికి చిరుతిళ్ళూ అలవాటవుతాయి.

మర్నాడు పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పుప్పి లోపలిదాకా పోలేదని చెప్పి, శుభ్రం చేసి సిమెంటు పెట్టి పంపించారు. దారంతా వాడు పలకలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అడిగాడు: "అయితే తాతయ్యా, నాకింక చిరుతిళ్ళు లేనట్టేనా?"

ఆ మాటకి నాకు మనసు చివుక్కుమంది. బడి నుంచి వచ్చిన పిల్లవాడికి ఏదో ఒకటి నమలాలనిపించడం తప్పు కాదు. వాడి పొట్ట చిన్నది, మూడుపూటల తిండితో సరిపోదు కూడా. అందుకే, "ఉండకేం, బోలెడున్నాయి. ముందు లోపలికెళ్ళి అమ్మమ్మనడిగి ఒక కోడిగుడ్డూ, అరడజను నిమ్మకాయలూ పట్రా" అన్నాను.

గాజు గ్లాసులో గుడ్డు పెట్టి, అది మునిగేదాకా నిమ్మరసం పిండాం. నిమిషం గడవకుండానే పెంకు మీద సన్నటి బుడగలు లేచాయి. "గుడ్డు ఊపిరి తీస్తోంది!" అంది చిన్నది. ఊపిరి కాదమ్మా, పెంకు కరుగుతోంది. గుడ్డు పెంకు కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే అది కరిగి, కార్బన్ డయాక్సైడు బుడగలై పైకి వస్తుంది. మర్నాడు పొద్దున చూస్తే పెంకు అక్కడక్కడ వేలితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తబడింది.

మన పంటి పైపొరని ఎనామిల్ అంటారు. ఒంట్లో దానంత గట్టిది ఇంకొకటి లేదు, ఎముక కూడా దాని ముందు మెతకే. నూటికి 96 పాళ్ళు ఖనిజం. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి స్ఫటికాలుగా పేర్చుకున్న గోడ. గుడ్డు పెంకులా బుడగలు రావు, అంత తొందరగా కరగదు కూడా. కానీ గట్టిదనానికీ పులుపుకీ పడదు. ఎనామిల్‌లో జీవకణాలు లేవు. చెయ్యి గీరుకుంటే చర్మం మళ్ళీ పుడుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్‌కి గుంట పడితే ఆ గుంట దానంతట అది పూడదు.

"కానీ తాతయ్యా, నేను జీళ్ళు తిన్నాను గాని నిమ్మకాయలు తినలేదుగా?" అన్నాడు మనవడు.

మంచి ప్రశ్న. నా చిన్నప్పుడు పన్నుపురుగు తీస్తామంటూ ఊళ్ళోకి కొందరు వచ్చేవాళ్ళు. ఏవో గింజలు నిప్పుల మీద వేసి, గొట్టంతో నోటికి పొగ పట్టించి, దూది మీద తెల్లటి సన్నపురుగు చూపించేవాళ్ళు. జనం నోరు తెరిచి చూసేవాళ్ళు. పంటిని పురుగు తొలుస్తుందన్న నమ్మకం మనదొక్కటే కాదు, బాబిలోనియా మట్టి పలకల కాలం నుంచీ లోకమంతా ఉంది. 19వ శతాబ్దం చివర్లో విలోబీ మిల్లర్ అనే అమెరికా దంతవైద్యుడు బెర్లిన్‌లో పనిచేస్తూ దీని అంతు తేల్చాడు. పీకేసిన పళ్ళు తీసుకుని, మనిషి లాలాజలంలో రొట్టె, చక్కెర కలిపి, ఒంటి వేడిమిలోనే ఆ పళ్ళని ఉంచాడు. పళ్ళలోని ఖనిజం కరిగిపోయింది. రొట్టెకి బదులు మాంసమూ కొవ్వూ కలిపితే అలా కరగలేదు. పిండి పదార్థాన్నీ చక్కెరనీ నోట్లోని సూక్ష్మజీవులు పులియబెడతాయి, ఆ పులుపు పంటిని తినేస్తుంది. ఈ సంగతే 1890లో పుస్తకంగా రాశాడు. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ అనే శాస్త్రవేత్త పుచ్చిన పళ్ళలో గొలుసులా ఉండే ఒక బాక్టీరియాని పట్టుకుని స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టాడు. దోశపిండి రాత్రికి రాత్రి పులిసినట్టే మన నోట్లోనూ పులుపు తయారవుతుంది. పాత్ర మాత్రం పన్ను.

పొద్దున్నే "పాచిపళ్ళు తోముకో" అంటామే, ఆ పాచే ఈ సూక్ష్మజీవుల ఇల్లు. మ్యూటన్స్‌కి ఇంకో విద్య కూడా తెలుసు. మామూలు పంచదార దొరికితే అది పులుపు ఒక్కటే కాదు, జిగురు కూడా తయారుచేస్తుంది. ఆ జిగురుతో పంటిని గట్టిగా అంటిపెట్టుకుని, తన చుట్టూ ఇంకొన్నిటికి చోటిస్తుంది. నువ్వు చప్పరించింది ఒక జీళ్ళపాకం అయితే, దానితో ఆ సూక్ష్మజీవి పంటి మీద కాచుకునేది రెండో జీళ్ళపాకం.

మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంది: "అది పంచదార సంగతి కదండీ. జీళ్ళు బెల్లంతో చేస్తారు. బెల్లం ఒంటికి మంచిది కాదూ?"

చాలామంది పెద్దవాళ్ళ నమ్మకం ఇదే. బెల్లంలో కాస్త ఇనుమూ కొన్ని లవణాలూ ఉంటాయి, నిజమే. కానీ బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. తేనె అయినా చక్కెరలే. సూక్ష్మజీవి రంగు చూడదు, ఖరీదు చూడదు. పైగా పాకం పట్టిన బెల్లం పంచదార నీళ్ళకంటే ఎక్కువసేపు పంటిని పట్టుకుంటుంది. పల్లీపట్టీ, నువ్వుండ, జీళ్ళు అన్నిటిదీ అదే దారి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పులుపుని కొలిచే బద్దని పీహెచ్ అంటారు. 7 అంటే అటూ కాదు ఇటూ కాదు, మంచినీళ్ళలాగా. అంకె తగ్గుతున్నకొద్దీ పులుపు పెరుగుతుంది. ఒక్క మెట్టు దిగితే పదింతలు. ఎనామిల్ దాదాపు 5.5 దాకా ఓర్చుకుంటుంది, అంతకంటే దిగితే ఖనిజం ఊడి రావడం మొదలవుతుంది. 1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే అమెరికా శాస్త్రవేత్త పంటి పాచికే సన్నటి ఎలక్ట్రోడు తగిలించి ఈ పులుపుని కొలిచాడు. గ్లూకోజు నీళ్ళతో పుక్కిలించిన కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ గబగబా కిందికి జారింది. మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పట్టింది. దిగడం గోడ దూకినట్టు, ఎక్కడం మెట్లెక్కినట్టు. దంతవైద్యం చదివే పిల్లలకి ఇప్పటికీ ఆ గీత గీసి చూపిస్తారు.

నేను పలక తెప్పించి ఆ గీత గీశాను. "భోజనంతో పాటు ఒక లడ్డూ తిన్నావనుకో. గీత ఒకసారి దిగి ఎక్కుతుంది. పన్ను ఒక్కసారి తడిసి ఆరినట్టు. అదే లడ్డూని ఎనిమిది తునకలు చేసి, గంటకో తునక చొప్పున రోజంతా తిన్నావనుకో?"

వాడే చాక్‌పీసు లాక్కుని ఎనిమిది గుంటలు గీశాడు. ఒక గుంట పూర్తిగా పైకి రాకముందే ఇంకో గుంట. "అయితే ఆ జీళ్ళు?" అని అడిగి, నేను చెప్పేలోగానే, నాలుగింటి నుంచి ఆరున్నర దాకా కిందనే ఒక పొడుగాటి గీత లాగాడు.

అంతే. ఎంత తిన్నామన్నదీ ముఖ్యమే. కానీ ఎన్నిసార్లు తిన్నాం, ఎంతసేపు నోట్లో నానబెట్టాం అన్నది పంటికి ఇంకా ముఖ్యం.

ఈ మాటకి బలమైన సాక్ష్యం స్వీడన్ నుంచి వచ్చింది. దాన్ని చెప్పేటప్పుడు మనసు బరువెక్కుతుంది, అయినా చెప్పాలి. ఆ దేశంలో లుండ్ ఊళ్ళో విపెహోల్మ్ అనే ఆసుపత్రి ఉండేది. బుద్ధి ఎదగని మనుషులని అక్కడ ఉంచేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో, చక్కెరకీ పుచ్చిపళ్ళకీ సంబంధమేమిటో తేల్చుకోవాలని వాళ్ళ మీదే పరీక్షలు చేశారు. కొందరికి భోజనంతో పాటు ద్రవంలో కలిపి, ఒక దశలో రోజుకు 300 గ్రాముల దాకా పంచదార ఇచ్చారు. పుప్పిపళ్ళు పెద్దగా పెరగలేదు. ఇంకొందరికి భోజనాల మధ్య, పళ్ళకి అంటుకునేలా ప్రత్యేకంగా చేయించిన టాఫీలు రోజుకు 24 దాకా ఇచ్చారు. వాళ్ళ పళ్ళు ఘోరంగా పుచ్చాయి. ఫలితాలు 1954లో బయటికొచ్చాయి.

మనవరాలు అడిగింది: "వాళ్ళకి పన్ను నెప్పి పుట్టలేదా తాతయ్యా?"

పుట్టే ఉంటుంది తల్లీ. వద్దని చెప్పగల తెలివి లేనివాళ్ళని ఎంచుకుని, వాళ్ళ పళ్ళు పాడవుతాయని తెలిసీ తినిపించారు. అది తప్పు. ఇవాళ ఏ దేశంలోనూ అలాంటి పరీక్షని ఒప్పుకోరు. వాళ్ళు బాధపడి మనకి ఇచ్చిన ఈ జ్ఞానాన్ని వృథా చేయకపోవడమే మనం వాళ్ళకి చూపించగల మర్యాద. స్వీడన్ వాళ్ళు దాన్నుంచి ఒక అలవాటు చేసుకున్నారు. పిల్లలకి మిఠాయి రోజూ కాకుండా శనివారం ఒక్కరోజే. దాన్ని శనివారం మిఠాయి అనే పిలుస్తారు. పిల్లలు వారమంతా దానికోసం ఎదురుచూస్తారు.

సరే, పంటిని కరిగించేదాని గురించి చెప్పాను. దాన్ని కాపాడేది కూడా నోట్లోనే ఉంది. మా పిల్లలిద్దరికీ చెరో ముద్ద వట్టి అన్నం ఇచ్చి, మింగకుండా రెండు నిమిషాలు నమలమన్నాను. కాసేపటికి ఇద్దరి కళ్ళూ పెద్దవయ్యాయి. "తియ్యగా అవుతోంది!" లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. పిండి పదార్థాన్ని అది అక్కడికక్కడే చక్కెరగా విడగొడుతుంది. అంటే తీపి లేని తిండి కూడా నోట్లో ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులకి విందే.

కానీ ఆ లాలాజలమే పంటికి పెద్ద దిక్కు. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. పులుపుని విరిచే బైకార్బొనేట్ అందులో ఉంది. పన్ను పోగొట్టుకున్న కాల్షియం, ఫాస్ఫేట్ కూడా అందులో ఉన్నాయి. పులుపు తగ్గగానే అవి మళ్ళీ పంటిలోకి చేరి, ఊడిన ఖనిజాన్ని పూరిస్తాయి. గుంట పడకముందు, సుద్దరంగు మచ్చగా ఉన్న దశలో అయితే పన్ను అలా కోలుకోగలదు. ఫ్లోరైడు ఉన్న పేస్టు ఆ మరమ్మతుకి సాయపడుతుంది. ఆరేళ్ళ లోపు పిల్లలకి బఠాణీగింజంత పేస్టు చాలు, మరీ చిన్నవాళ్ళకి బియ్యపుగింజంత. నీళ్ళలోనే ఫ్లోరైడు ఎక్కువగా ఉండే నల్గొండ వైపు ఊళ్ళవాళ్ళు మాత్రం ఏ పేస్టు వాడాలో పళ్ళ డాక్టరుని అడగాలి. ఈ మరమ్మతుకి కావలసింది ఒకటే, వ్యవధి. అందుకే పంటికి తీరిక కావాలంటున్నాను.

కాబట్టి మంచి చిరుతిండికి మూడు గుణాలు ఉండాలి. సూక్ష్మజీవికి చక్కెర అందివ్వకూడదు. పంటికి అంటుకోకుండా తొందరగా నోరు ఖాళీ చెయ్యాలి. బాగా నమిలించి లాలాజలం ఊరించాలి. నోటికి రుచిగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు, రుచి లేకపోతే పిల్లలు ముట్టరు. ఈ గుణాలున్న తిళ్ళు వెతకడానికి నేను ఎక్కడికీ పోలేదు. మా ఆవిడ డబ్బాల దగ్గరికే పోయాను.

మొదటిది గుగ్గిళ్ళు. నానబెట్టిన శనగలో, బొబ్బర్లో ఉడకబెట్టి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తిరగమోత వేసి, పైన పచ్చికొబ్బరి కోరు చల్లితే ఏ పాకెట్టు తిండీ దాని ముందు నిలవదు. శ్రావణ మంగళవారం వాయనంలో శనగలు ఇచ్చినప్పుడు మా ఇంట్లో సాయంత్రానికి ఇవే. మాంసకృత్తులూ పీచూ ఉన్న గింజ, నమిలితే గాని లొంగదు. అందులోని పిండి కూడా బిస్కెట్టు పిండిలా వెంటనే చక్కెరగా మారదు.

రెండోది వేరుశనగలు. కాయలతో ఉప్పునీళ్ళలో ఉడికించినవైనా, ఇసుకలో వేయించినవైనా. పప్పులో నూనె, మాంసకృత్తులే ఎక్కువ, చక్కెర తక్కువ. ఒక్క జాగ్రత్త: నాలుగైదేళ్ళ లోపు పిల్లలకి గింజలు గింజలుగా ఇవ్వకండి, ఊపిరిగొట్టంలో పడే ప్రమాదముంది. పొడి కొట్టి పెట్టండి. మూడోది పచ్చికొబ్బరి ముక్క. గుళ్ళో కొట్టిన చిప్పలోంచి పిల్లలు పోటీపడి తీసుకుంటారు కదా, అదే ముక్క, పక్కన బెల్లంముక్క లేకుండా.

పళ్ళలో దోరజామకాయ నాకు ఇష్టం. కరకరలాడుతుంది, నమలాలి, నోట్లో ముద్ద కట్టదు. జామలోనూ చక్కెర ఉంది, కానీ అది పండు గోడల మధ్య, పీచుతో కలిసి ఉంటుంది. అదే పండుని రసం తీసి తాగితే చక్కెర విడివడి పంటిమీదికి వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరకి హద్దు చెప్పినప్పుడు పండ్లరసాన్నీ తేనెనీ ఆ లెక్కలోనే కలిపింది, ముక్కలు కోసుకు తినే పండుని కలపలేదు. ఆ హద్దు రోజు తిండిలోని శక్తిలో పదోవంతు. పెద్దవాళ్ళకి సుమారు 50 గ్రాములు, దాదాపు 12 చెంచాలు. అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మంచిదంది. కీరదోస చక్రాల మీద ఉప్పూ కారం, పచ్చి క్యారట్, ఎండాకాలం తాటిముంజెలు, చలికాలం తంపటేసిన తేగలు, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు. ఇవేవీ జీళ్ళలా పళ్ళకి అతుక్కుని ఉండిపోవు.

పాడి ఉన్న ఇంట్లో పిల్లల పళ్ళు అదృష్టం చేసుకున్నట్టే. పాలలో కాల్షియం, ఫాస్ఫేట్ రెండూ ఉన్నాయి. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు పంటికి ఆసరా. పాలకి సహజంగా ఉండే చక్కెర, లాక్టోజు, సుక్రోజంత తొందరగా పులుపుగా మారదు. చీజ్ ముక్క తిన్నాక పాచిలోని పులుపు తగ్గుతుందని పరీక్షల్లో చూశారు. మన ఇళ్ళలో ఉప్పూ మిరియాలపొడీ చల్లిన పన్నీరు ముక్కలు, గట్టిపెరుగు, జీలకర్ర వేసిన మజ్జిగ అందుబాటులో ఉన్నవే. ఉడికించిన గుడ్డు తినేవాళ్ళకి అదీ మంచిదే. పంచదార వేసిన పాలు మాత్రం ఈ లెక్కలోకి రావు.

"బిస్కెట్టు మరి? అది జీళ్ళలా అంటుకోదుగా" అంది మనవరాలు.

దానికీ పరీక్ష ఉంది. ఒక బిస్కెట్టు తిని, ఐదు నిమిషాలు ఆగి, నాలుకతో వెనకపళ్ళ మీద తడమమన్నాను. తడిమింది. "ముద్దలున్నాయి తాతయ్యా!" చూశావా, జిగటగా కనిపించే టాఫీకంటే కూడా పొడిగా కనిపించే బిస్కెట్లూ చిప్సూ ఒక్కోసారి పళ్ళ గాళ్ళలో ఎక్కువసేపు ఉండిపోతాయని పరిశోధకులు కొలిచి చూశారు. చేతికి అంటుకోనిది పంటికి అంటదని నమ్మడానికి లేదు. జంతికలు, చెక్కలు కూడా వరిపిండివే. వాటిని పూర్తిగా మానక్కర్లేదు. టిఫిను వేళ ఒకసారి కూర్చుని తిని, నోరు పుక్కిలించి లేవాలి. డబ్బా పక్కన పెట్టుకుని చదువుకుంటూ గంటసేపు కొరకడమే చెరుపు.

పుల్లటివాటి దారి వేరు. పచ్చిమామిడి ముక్క, చింతకాయ, నిమ్మషోడా వీటికి సూక్ష్మజీవి సాయం అక్కర్లేదు. గ్లాసులో గుడ్డుకి జరిగిందే నేరుగా పంటికి జరుగుతుంది. కోలాల పీహెచ్ సుమారు 2.5, నిమ్మరసానిదీ దాదాపు అంతే. కోలాలో పులుపుతో పాటు 300 మిల్లీలీటర్ల సీసాకి 30 గ్రాములకి పైగా చక్కెర కూడా ఉంటుంది. మామిడికాయ కాలం వస్తే ఉప్పూకారం అద్దుకుని తినకుండా ఉండగలమా? తినండి. బుగ్గన పెట్టుకుని చప్పరించకండి. తిన్న వెంటనే నీళ్ళతో పుక్కిలించండి. బ్రష్ మాత్రం అరగంట, గంట ఆగాకే. పులుపుకి మెత్తబడిన ఎనామిల్ మీద బ్రష్ రుద్దితే అది అరిగిపోతుంది.

ఇదంతా పిల్లలకే అనుకోకండి. నా ఈడువాళ్ళకి ఇంకా అవసరం. వయసు మీదపడితే చిగుళ్ళు కిందికి జారి పంటివేళ్ళు బయటపడతాయి. వేళ్ళ మీద ఎనామిల్ ఉండదు. అవి 5.5 దాకా ఆగవు, 6 పైచిలుకు దగ్గరే కరగడం మొదలుపెడతాయి. బీపీకీ నిద్రకీ వాడే మందుల్లో కొన్ని నోరు ఎండేలా చేస్తాయి. లాలాజలం తగ్గితే పంటికి ఉన్న ఒక్క దిక్కూ పోయినట్టే. నోరు ఎండుతోందని నేను కొన్నేళ్ళు జేబులో పిప్పరమెంటు బిళ్ళలు పెట్టుకుని రోజంతా చప్పరించాను. రెండు పళ్ళు వేళ్ళ దగ్గర పుచ్చాక గాని నాకు తెలియలేదు. ఇప్పుడు పంచదార లేని జైలిటాల్ చూయింగ్‌గమ్ నములుతున్నాను. జైలిటాల్ తియ్యగానే ఉంటుంది గాని, మ్యూటన్స్ దాన్ని పులియబెట్టలేదు. 1970లలో ఫిన్లండ్‌లోని తుర్కు ఊళ్ళో దీని మీద మొదటి పెద్ద పరిశోధనలు జరిగాయి. గమ్ లేనప్పుడు రెండు గుక్కల మంచినీళ్ళు తాగుతాను.

రాత్రి సంగతి ఒక్కటి గట్టిగా చెబుతాను. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది. పళ్ళు తోముకున్నాక మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లోకి పోకూడదు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసివాళ్ళ ముందుపళ్ళు నల్లబడటానికి కారణం ఇదే. మన పెద్దవాళ్ళు ఏది తిన్నా నోరు పుక్కిలించి ఉమ్మమనేవాళ్ళు. దాన్ని మడి ఆచారమని వదిలేశాం గాని, పంటికి అంతకన్నా చవకైన సేవ లేదు.

ఇంతా విన్నాక పొట్లంలో మిగిలిన జీళ్ళు ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. పారేద్దామని నేననలేదు. తిరునాళ్ళలో కొనుక్కున్న సంబరాన్ని చెత్తబుట్టలో వేయిస్తే పిల్లలకి నా మాట మీద గౌరవం పోతుంది. పలక మీద గీతలు చూసి మనవడే తీర్పు చెప్పాడు: "ఆదివారం భోజనం అయ్యాక అందరం ఒకేసారి తినేద్దాం. అప్పుడు ఒక్క గుంటే."

ఆదివారం పెరుగన్నం అయ్యాక చెరో రెండు ముక్కలు తిన్నారు. మా ఆవిడ చెంబుతో నీళ్ళిచ్చింది, ఇద్దరూ పెరట్లో పోటీపడి పుక్కిలించారు. సాయంత్రం నాలుగింటికి గుగ్గిళ్ళ గిన్నె నా పక్కన అరుగు మీదికి వచ్చింది. పావుగంటలో గిన్నె ఖాళీ. మనవడు నోరు కడుక్కొచ్చి కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. బుగ్గ కదులుతుంటే ఇంకా ఏం నములుతున్నావురా అని అడిగాను.

"నమలడం లేదు తాతయ్యా. ఆరో పన్ను తడుముతున్నా. నున్నగా ఉంది."